శిక్ష కాదట, ఊరికే ఉంచారట

ఇంజినీరింగ్ చదివిన ఏ తెలుగింటి కుర్రాణ్ణయినా ‘డిటెయిన్’ అంటే ఏమిటని అడగండి. జైలు గుర్తురాదు వాడికి. సెమిస్టరు చివర నోటీసు బోర్డుకు అంటించే జాబితా గుర్తొస్తుంది. హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య పడితే డాక్టరు సర్టిఫికెట్టు పెట్టి, కండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కవచ్చు. 65 కూడా లేదంటే పరీక్ష రాయనివ్వరు. వచ్చే ఏడు అదే సెమిస్టరు జూనియర్ల పక్కన కూర్చుని చదవాలి. జేఎన్‌టీయూ కాలేజీల్లో చదివినవాళ్లకు ఈ అంకెలు ఎక్కాల్లా వచ్చు. నాకు మూడో ఏడాదిలో 66 వచ్చింది. రాని కామెర్లకు సర్టిఫికెట్టు తెచ్చిన సంగతి మా నాన్నగారికి ఇప్పటికీ తెలియదు.

2019 జనవరి ఆఖర్లో టీవీలన్నీ అమెరికాలో తెలుగు విద్యార్థులను డిటెయిన్ చేశారని మోగిపోతుంటే మా పక్కింటి పిన్నిగారు, ‘డిటెయిన్ చేస్తే ఇంత గోల దేనికయ్యా? మావాణ్ణి సెకండియర్లో చేశారు. మళ్లీ ఏడాది చదివాడు, అంతేగా’ అన్నారు. అప్పుడు నవ్వేశాను. తర్వాత ఆలోచిస్తే ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ కనిపించలేదు. బడిలో ఆపేయడానికీ, పిల్లల్ని హోమ్‌లో ఉంచడానికీ, పరాయి దేశంలో కాగితాలు లేవని గదిలో పెట్టి తాళం వేయడానికీ లోకం ఒకే మాట వాడుతోంది. మాట కలవడం ఊరికే జరగలేదు. మూడు చోట్లా పెద్దలు చెప్పే సమర్థన కూడా ఒకటే: ఇది శిక్ష కాదు.

నీ చదువు గట్టిపడాలని ఆపుతున్నామంటుంది బడి. నువ్వు బాగుపడాలని ఉంచుతున్నామంటుంది బాలల బోర్డు. నీ సంగతి తేలేదాకా ఇక్కడుండమంటుంది వలస శాఖ. వినడానికి మెత్తగా ఉంటుంది గానీ మెలిక అక్కడే ఉంది. శిక్ష వేయాలంటే నేరమేమిటో చెప్పాలి, సాక్ష్యం చూపాలి, వకీలును పెట్టుకోనివ్వాలి, ఎన్నాళ్లో తేల్చాలి. శిక్షే కాదన్నాక వీటిలో ఏది ఇవ్వాలో ఏది ఎగ్గొట్టాలో ఆపినవాళ్ల ఇష్టమవుతుంది. ఆ ఇష్టాన్ని ఎవరో ఒకరు కోర్టుకు లాగేదాకా అంతే.

బడి

బడికీ బందిఖానాకూ చుట్టరికం పాతదే. దొంగల కాళ్లకు వేసే బొండకొయ్య ఒకప్పుడు వీధి బడిలో, పారిపోయే పిల్లల కాళ్లకూ పడేది. దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడాలి, అది కోదండం. ఇవి పోయాయి. గోడకుర్చీ, బెంచీ ఎక్కించడం మా తరం దాకా వచ్చాయి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొప్పించే వేధింపునీ నిషేధించింది. నిషేధించాక ఎంత తగ్గిందో బడికి పిల్లల్ని పంపేవాళ్లందరికీ తెలుసు.

ఇంగ్లండు, అమెరికా బళ్లలో డిటెన్షనంటే వేరు. గంట కొట్టాక అందరూ ఇంటికి పోతే, తప్పు చేసినవాడు ఒక గంట అక్కడే కూర్చోవాలి. ఈ ఒక్క గంటకు కూడా ఇంగ్లండులో చట్టం ఉంది. 2006 చట్టం ప్రకారం బడి అయ్యాక పిల్లవాణ్ణి ఉంచడానికి తల్లిదండ్రుల ఒప్పుకోలు అక్కర్లేదు. 24 గంటల ముందు వాళ్లకు కబురు పెట్టాలన్న నియమం ఒకటుండేది, 2011లో దాన్నీ తీసేశారు. అమెరికాలో ఇంకాస్త పెద్ద తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒహాయో రాష్ట్రం కొలంబస్ బళ్లలో కొందరు పిల్లల్ని, వాళ్ల మాట వినకుండానే పది రోజుల దాకా బడికి రావద్దన్నారు. 1975లో గాస్ కేసులో కోర్టు చెప్పింది చాలా చిన్న విషయం: ఏం చేశాడని పంపేస్తున్నారో పిల్లవాడికి చెప్పండి, వాడు చెప్పేది ఒకసారి వినండి. వకీలూ వద్దు, సాక్షులూ వద్దు. ఆ మాత్రం వినడానికి కూడా తొమ్మిది మంది జడ్జిల్లో నలుగురు ఒప్పుకోలేదు.

మన దగ్గర డిటెన్షనంటే తరగతిలో ఆపేయడం. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ తరగతిలో ఆపకూడదంది, బడి నుంచి తీసేయకూడదంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. వాడుకలో దాన్నే నో డిటెన్షన్ పాలసీ అన్నాం. ‘అందర్నీ పాస్ చేసేస్తారట’ అని టీచర్లు, తల్లిదండ్రులు కూడా గొణిగారు. చట్టం చెప్పిందాంట్లో సగమే అది. పరీక్ష బదులు ఏడాది పొడుగునా పిల్లవాడి చదువు గమనిస్తూ, వెనకబడినచోట చెప్పాలన్నది మిగతా సగం. ఒకే టీచరు మూడు తరగతులకు చెప్పే బళ్లలో ఆ సగం కాగితం మీదే మిగిలింది. పథకం సగమే అమలై, తప్పు మొత్తం పాలసీ మీద పడింది.

2019లో చట్టం మార్చారు. అయిదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష ఉంటుంది. తప్పినవాళ్లకు విడిగా చెప్పి రెండు నెలల్లో మళ్లీ పెట్టాలి. అప్పుడూ తప్పితే ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాల ఇష్టం. 2024 డిసెంబరులో కేంద్రం తన బళ్లకు ఆపే నిబంధన తెచ్చింది. ఆపినా బడి నుంచి మాత్రం ఎనిమిది పూర్తయ్యేదాకా తీసేయకూడదు.

ఈ వాదంలో నేను ఏ పక్షమో దాచను. పదేళ్ల పిల్లవాడికి లెక్కలు రాలేదంటే అందులో బడి వాటా ఎంతో తేల్చాల్సినవాళ్లు ఎవరు? ఆ బడే. ఫిర్యాదీ తనే, న్యాయమూర్తీ తనే. పోయే ఏడాది మాత్రం పిల్లవాడిది. ఇంజినీరింగు డిటెన్షను కనీసం పద్దెనిమిది దాటినవాళ్లకు, అంకె ముందే చెప్పి చేస్తారు. అందులో మోసం చేయడానికి నాలాంటివాడికి కూడా దారుంది.

హోమ్

పిల్లలకు విడిగా కోర్టు ఉండాలన్న ఆలోచన మొదట కార్యరూపం దాల్చింది షికాగోలో, 1899లో. ఉద్దేశం మంచిదే. పిల్లవాణ్ణి బోనులో నిలబెట్టడం, వకీళ్లతో పొడిపించడం వద్దు. జడ్జి తండ్రిలా పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడతాడు, ఏం మంచిదో చూసి చేస్తాడు. తండ్రితో మాట్లాడడానికి వకీలెందుకు?

ఎందుకో 1964లో అరిజోనా రాష్ట్రంలోని గ్లోబ్ అనే చిన్న ఊళ్లో తేలింది. జెరాల్డ్ గాల్ట్‌కు పదిహేనేళ్లు. పొరుగావిడకు ఫోన్ చేసి వెకిలిగా మాట్లాడాడని ఫిర్యాదు. తల్లీ తండ్రీ పనికి వెళ్లిన వేళ పోలీసులొచ్చి తీసుకుపోయారు, ఇంట్లో చీటీ కూడా పెట్టలేదు. విచారణకు ఫిర్యాదు చేసినావిడ రాలేదు. ఎవరేమన్నారో రాసుకున్నవాళ్లు లేరు. వకీలు లేడు. ‘తండ్రి’ జడ్జి ఆ పిల్లవాణ్ణి ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా, అంటే ఆరేళ్లు, స్టేట్ ఇండస్ట్రియల్ స్కూలుకు పంపాడు. అదే మాట పెద్దవాడు అనుంటే అప్పటి చట్టంలో పడేది 5 నుంచి 50 డాలర్ల జరిమానా, లేదా మహా అయితే రెండు నెలల జైలు. శిక్ష కాదు గనక ఆరేళ్లు, శిక్ష అయ్యుంటే రెండు నెలలు! 1967 మే 15న అమెరికా సుప్రీంకోర్టు ఈ లెక్కను చూసి, పిల్లలకూ ఆరోపణ ఏమిటో ముందుగా చెప్పాలి, వకీలు ఉండాలి, సాక్షిని ప్రశ్నించే వీలుండాలి, తనకు వ్యతిరేకంగా తానే చెప్పమని బలవంతం చేయకూడదు అని తేల్చింది. బాలుడై పుట్టినంత మాత్రాన ఉత్తుత్తి కోర్టు సరిపోతుందని రాజ్యాంగం అనదని జస్టిస్ ఏబ్ ఫోర్టాస్ రాశారు.

ఆ జైలు పేరు చూశారుగా, స్కూలు. మనకూ అంతే. 1920లో వచ్చిన మద్రాసు బాలల చట్టం దేశంలో ఈ దారిలో మొదటిది. అప్పటి ఆంధ్ర జిల్లాలన్నీ ఆ చట్టం కిందే ఉండేవి. దాని ప్రకారం పిల్లల్ని పంపే చోటు పేరు ‘సర్టిఫైడ్ స్కూలు’. కాస్త పెద్ద కుర్రాళ్లకు, వేరే చట్టం కింద, ‘బోర్‌స్టల్ స్కూలు’. పేరు మారితే తాళం మారదు, కానీ పేరు మార్చాలని అనిపించడం కూడా ఒక మెట్టే. అంతకుముందు ఆ పిల్లలు పెద్దవాళ్లతో కలిసి మామూలు జైల్లో ఉండేవారు. చట్టం వచ్చాక కూడా చాలాకాలం చాలాచోట్ల ఉన్నారు. జైళ్లలో మగ్గుతున్న పిల్లల గురించి షీలా బర్సే అనే పాత్రికేయురాలు సుప్రీంకోర్టుకు వెళ్లింది 1985లో.

ఇప్పుడున్నది 2015 జువైనల్ జస్టిస్ చట్టం. దీని మీద మన ఇళ్లలో ఉన్న అభిప్రాయం ‘మైనరు కదా, వదిలేస్తారు’ అని. చట్టం చదివితే అలా ఉండదు. 18 నిండనివాణ్ణి పోలీసులు పట్టుకుంటే లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుంటారు, వాళ్లలో ఒకరు తప్పనిసరిగా మహిళ. విచారణ సాగుతుండగా ఉంచే చోటు అబ్జర్వేషన్ హోమ్. తప్పు చేశాడని తేలాక పంపేది స్పెషల్ హోమ్, గరిష్ఠంగా మూడేళ్లు. పదహారు దాటినవాడి మీద కనీసం ఏడేళ్ల శిక్షపడే ఘోరమైన నేరం ఉంటే, వాణ్ణి పెద్దవాడిలా విచారించవచ్చా అని బోర్డు ముందు పరిశీలిస్తుంది. 2022లో హైదరాబాదు జూబ్లీహిల్స్ అత్యాచారం కేసులో అయిదుగురు మైనర్లలో నలుగురి విషయంలో బోర్డు అవునంది. అప్పుడు కూడా ఉరి వేయడానికి వీల్లేదు, విడుదల ఆశే లేని యావజ్జీవం వేయడానికీ వీల్లేదు.

నాకు ఈ చట్టంలో ఆసక్తిగా అనిపించేది బెయిలు సెక్షన్, 12వది. పెద్దవాళ్లకు నేరాన్ని బట్టి బెయిలు. పిల్లలకు నేరం ఏదైనా బెయిలే నియమం, ఉంచేయడం మినహాయింపు. ఎప్పుడు ఉంచేయొచ్చంటే: బయటికి పంపితే నేరస్థుల చేతిలో పడతాడనో, వాడికి నైతికంగా, శారీరకంగా, మానసికంగా ప్రమాదమనో, న్యాయానికి అడ్డమవుతుందనో బోర్డు నమ్మితే. ఇందులో మొదటి రెండూ పిల్లవాడు చేసినదాని గురించి కావు, వాడి ఇంటి గురించీ వాడి వీధి గురించీ. ఫోన్ దొంగిలించిన ఇద్దరు పిల్లలున్నారనుకోండి. ఒకడికి తండ్రి స్కూటరేసుకుని వచ్చి సంతకం పెడతాడు. రెండోవాడి తల్లి ఇటుక బట్టీలో పనికి ఏ జిల్లాకు వెళ్లిందో వాడికే తెలియదు. చట్టం ప్రేమతోనే రెండోవాణ్ణి ఉంచుతుంది. దీనికీ ఒక చిన్న విరుగుడు రాశారు. బెయిలు షరతులు ఏడు రోజుల్లో తీర్చలేకపోతే వాణ్ణి మళ్లీ బోర్డు ముందుకు తెచ్చి షరతులు మార్చాలి. సైదాబాదు హోమ్ గోడ పక్క నుంచి వెళ్లినప్పుడల్లా, లోపలున్నవాళ్లలో ఏడు రోజుల సంగతి తెలిసినవాళ్లు ఎందరుంటారా అనిపిస్తుంది.

బడి డిటెన్షనూ హోమ్ డిటెన్షనూ ఒకదాంట్లోకి ఒకటి ఎలా దారి తీస్తాయో పెన్సిల్వేనియాలోని లుజెర్న్ కౌంటీ చూపించింది. అసిస్టెంటు ప్రిన్సిపాల్‌ను వెక్కిరిస్తూ ఇంటర్నెట్‌లో పేజీ పెట్టినందుకు ఒక హైస్కూలు అమ్మాయికి మూడు నెలలు వేశాడు అక్కడి బాలల కోర్టు జడ్జి. గాల్ట్ తీర్పు వచ్చి నలభై ఏళ్లయినా, ‘వకీలు అక్కర్లేదు’ అని సంతకం పెట్టించి, నిమిషాల్లో తేల్చి, సంకెళ్లు వేసి పంపేవాడు. మార్క్ సియావరెల్లా, మైకేల్ కొనాహన్ అనే ఇద్దరు జడ్జిలకు ఆ పిల్లల హోమ్‌లు కట్టినవాళ్ల నుంచి, నడిపినవాళ్ల నుంచి ముట్టింది సుమారు 28 లక్షల డాలర్లు. సంగతి 2009లో బయటపడింది. రాష్ట్ర సుప్రీంకోర్టు దాదాపు నాలుగు వేల తీర్పులను కొట్టేసింది. సియావరెల్లాకు 28 ఏళ్లు పడ్డాయి. ఇద్దరూ లంచగొండులు కాబట్టి దొరికారు. లంచం తీసుకోకుండా, పిల్లల మంచికే అనుకుంటూ అన్నే నెలలు వేసే జడ్జి అయ్యుంటే?

గేటు

ఇక పిన్నిగారు అడిగిన సంగతి. కొంచెం వెనక్కి వెళ్లాలి. 1892లో డెట్రాయిట్‌లో వాంగ్ వింగ్ అనే చైనీయుణ్ణీ మరో ముగ్గుర్నీ దేశంలో ఉండే హక్కు లేదని పట్టుకుని, దేశం నుంచి పంపేలోపు 60 రోజులు కఠిన శ్రమ చేయమన్నారు, జూరీ విచారణ లేకుండా. 1896లో అమెరికా సుప్రీంకోర్టు రెండుగా విడదీసింది. కఠిన శ్రమ శిక్ష, విచారణ లేకుండా వేయడానికి వీల్లేదు. పంపించే ఏర్పాట్లు సాగేదాకా పట్టి ఉంచడం మాత్రం శిక్ష కాదు, అది చేయవచ్చు. వందేళ్లు దాటినా అమెరికా వలస నిర్బంధమంతా ఈ గీత మీదే నడుస్తోంది.

అదే డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో 2015లో ఒక విశ్వవిద్యాలయం వెలిసింది, యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్. వెబ్‌సైటు ఉంది, గుర్తింపు ఉంది, ఫీజు రసీదు ఉంది. క్లాసుల్లేవు, పంతుళ్లు లేరు. ఎందుకంటే దాన్ని నడిపింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ. సుమారు 600 మంది చేరారు. చాలామంది మనవాళ్లు, చదువు ఊసులేకుండా వర్క్ పర్మిట్ మిగుల్తుందని చేరినవాళ్లూ ఉన్నారు, గుర్తింపు చూసి నమ్మి చేరి, క్లాసులెప్పుడని అడుగుతూ ఎదురుచూసినవాళ్లూ ఉన్నారు. 2019 జనవరి 30 నాటి దాడుల్లో పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. అదే ఏడాది నవంబరు నాటికి ఆ సంఖ్య సుమారు 250కి చేరింది.

అదే రోజు ఇంకో ఎనిమిది మందిని కూడా పట్టుకున్నారు. కమీషన్ తీసుకుని విద్యార్థుల్ని చేర్పించిన ఏజెంట్లు. వీళ్లలోనూ ఎక్కువమంది తెలుగువాళ్లే. వీళ్ల మీద క్రిమినల్ కేసు పెట్టారు. రెండు గుంపులకూ ఏమేం దక్కాయో పక్కపక్కన పెట్టి చూడండి. ఏజెంటు నేరస్థుడిగా ఆరోపణ ఎదుర్కొంటున్నాడు కాబట్టి, డబ్బు లేదంటే ప్రభుత్వ ఖర్చుతో వకీలు. స్వతంత్రుడైన ఫెడరల్ జడ్జి. నేరం రుజువు చేయాల్సిన బరువు ప్రభుత్వానిది. శిక్ష పడితే ఇన్ని నెలలని అంకె. విద్యార్థి మీద ఉన్నది సివిల్ వ్యవహారం కాబట్టి వకీలును పెట్టుకోవచ్చు, సొంత ఖర్చుతో. వాడి సంగతి వినే ఇమిగ్రేషన్ జడ్జి న్యాయవ్యవస్థకు చెందినవాడే కాదు, న్యాయ శాఖ ఉద్యోగి. బాండు ఇస్తే కనీసం 1,500 డాలర్లు. ఎన్నాళ్లుంటాడో ఎవరూ చెప్పరు. ఇద్దరూ పడుకునే గదులు మాత్రం చాలాసార్లు ఒకే రకం కౌంటీ జైలువి. నేరం చేశావంటే హక్కులెక్కువ, చేయలేదంటే తక్కువ!

అరెస్టయిన ఆ 250 మందిలో దాదాపు 80 శాతం, స్వచ్ఛందంగా వెళ్లిపోతామని ఒప్పుకుని విమానం ఎక్కారు. తాళం వేసిన గదిలో కూర్చుని పెట్టే సంతకానికి స్వచ్ఛందమన్న పేరు ఎంత నప్పుతుందో మీరే చూసుకోండి. వాళ్లు కట్టిన ఫీజు ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. చదువు చెప్పకుండా తీసుకున్న డబ్బు తిరిగివ్వాలని ఒక విద్యార్థి అందరి తరఫునా దావా వేస్తే, అది వినే అధికారమే లేదని కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, వినవచ్చంది.

ఫార్మింగ్టన్ దాడులకు ఎనిమిదేళ్ల ముందు, 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడ్డప్పుడు, మన పిల్లల్లో కొందరి కాళ్లకు జీపీఎస్ పట్టీలు తగిలించారు. తెలుగు పత్రికలు ‘రేడియో కాలర్’ అని రాశాయి, ఢిల్లీ గట్టిగా అభ్యంతరం చెప్పింది. గదిలో పెట్టడం కన్నా పట్టీ నయమని అక్కడి అధికారుల వాదం. వాదంగా అది నిజమే. కాకపోతే మన వాళ్లకు రేడియో కాలరంటే అడవిలో పులికి వేసేది.

దేశం నుంచి పంపేయాలని తేల్చాక ఎన్నాళ్లు ఉంచొచ్చన్న ప్రశ్నకు 2001లో జాడ్విడాస్ కేసులో ఒక అంకె దొరికింది. తుది ఉత్తర్వు వచ్చాక ఏ దేశమూ తీసుకోని మనిషిని ఆరు నెలలు దాటి ఉంచాలంటే ప్రభుత్వం కారణం చూపాలి. తుది ఉత్తర్వుకు ముందు నెలలు మాత్రం ఈ లెక్కలోకి రావు. 2025లో అమెరికా వలస నిర్బంధంలో ఉన్నవాళ్ల సంఖ్య 60 వేలు దాటింది.

అమెరికా సంగతి టీవీలో వస్తుంది. గల్ఫ్ సంగతి అంతగా రాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెల్లో ‘ఖల్లివెల్లి’ అంటే చాలు, విడమరచనక్కర్లేదు. కంపెనీ నుంచి బయటపడి, అకామా (అక్కడ ఉండడానికిచ్చే అనుమతి) లేకుండా దొరికిన పని చేసుకుంటున్న మనిషి. సౌదీలో యజమాని ‘పారిపోయాడు’ అని ఫిర్యాదు నమోదు చేస్తే అది హురూబ్. జీతం ఇవ్వలేదని పనివాడు వెళ్లిపోయాడా, జీతం అడిగాడని యజమాని కక్షకట్టాడా అని అడిగేవాళ్లుండరు. దాంతో పనివాడు చట్టం తప్పినవాడవుతాడు. ఇక్కడ మనిషిని దోషిని చేసింది జడ్జి కాదు, పోలీసు కూడా కాదు, జీతం ఎగ్గొట్టినవాడే కావచ్చు. దొరికితే డిపోర్టేషన్ సెంటరు, ఎంబసీ నుంచి పాస్‌పోర్టు బదులు ఔట్‌పాస్ వస్తే విమానం. 2018లో కువైట్ ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడు ఇళ్లలో పనికి వెళ్లిన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఎంతోమంది అలా బయటపడ్డారు. ఆమ్నెస్టీ అంటే క్షమాభిక్ష. ఎవరు ఎవర్ని క్షమించాలో మరి.

మన దేశం వేరుగా ఉందనుకోవద్దు. అస్సాంలో విదేశీయుడని ట్రిబ్యునల్ తేల్చినవాళ్లను ఏళ్ల తరబడి గోల్‌పాడా, తేజ్‌పుర్, సిల్చర్ లాంటి జైళ్లలోనే ఒక మూల ‘డిటెన్షన్ సెంటర్’ అని పేరు పెట్టి ఉంచారు. నేను విదేశీయుణ్ణి కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు ఆ మనిషి మీదే. హత్య కేసులో ముద్దాయికి కూడా ఆ బరువు లేదు. మూడేళ్లు దాటినవాళ్లను లక్ష రూపాయల బాండుతో వదలాలని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, కరోనా వచ్చాక ఆ గడువును రెండేళ్లకు, పూచీకత్తును అయిదు వేలకు తగ్గించింది. 2021లో అస్సాం ప్రభుత్వం పేరు మార్చింది: ట్రాన్సిట్ క్యాంపు. మూడు వేల మందికి కట్టిన మాటియా క్యాంపు 2023లో తెరిచారు. సర్టిఫైడ్ స్కూలు గుర్తుకొచ్చిందా?

మూడూ ఒక్కచోట

బడి, హోమ్, గేటు మూడూ కలిసిపోయిన చోటు తెలుగునేల మీదే ఉండేది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం. నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చాక, సాల్వేషన్ ఆర్మీ నడిపేలా ప్రభుత్వం పెట్టిన సెటిల్‌మెంటు అది, పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టుది. అందులో ఉంచిన ఎరుకల కుటుంబాల్లో ప్రతి మనిషీ ఏదో నేరం చేశాడని కాదు, ఆ కులంలో పుట్టాడని. ఊరు దాటాలంటే పాస్ కావాలి, పిలుపుకు హాజరు పలకాలి. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు అక్కణ్ణుంచి వెళ్లేవారు. ఆ చట్టం 17వ సెక్షన్ ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో పెట్టే అధికారం ఇచ్చింది. ఇది కూడా శిక్ష కాదనే అన్నారు. బాగుచేయడం అన్నారు. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. ఆ ఊరి పేరు మీద మచ్చ ఎన్నాళ్లుందో సినిమాలు చూసేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

పిల్లలనూ వలసనూ కలిపి చూసిన కేసుల్లో ముఖ్యమైనది జెన్నీ ఫ్లోరెస్‌ది. ఎల్ సాల్వడార్ నుంచి 1985లో ఒంటరిగా అమెరికా చేరిన పదిహేనేళ్ల పిల్ల. తల్లిదండ్రులకు తప్ప ఇంకో బంధువుకు అప్పగించేది లేదన్నారు అధికారులు. పన్నెండేళ్ల వ్యాజ్యం తర్వాత 1997లో ప్రభుత్వం రాజీపత్రం మీద సంతకం పెట్టింది: పిల్లల్ని వీలైనంత త్వరగా బంధువులకో సంరక్షకులకో అప్పగించాలి, ఉంచాల్సి వస్తే జైలులాంటి చోట ఉంచకూడదు. కుటుంబంతో పట్టుబడ్డ పిల్లలకూ ఇది వర్తిస్తుందని 2015లో జడ్జి డాలీ గీ తీర్పు ఇచ్చారు. వార్తల్లో వినే 20 రోజుల గడువు అక్కణ్ణుంచి వచ్చింది. 2018లో ట్రంప్ ప్రభుత్వం తల్లిదండ్రుల మీద క్రిమినల్ కేసు పెట్టి, పెద్దవాళ్లను జైలుకు పంపి, పిల్లల్ని వేరే శాఖకు అప్పగించింది. జైల్లో పిల్లలుండకూడదన్న నియమాన్నే విడదీయడానికి వాడుకుంది. ఎవరి పిల్లలు ఎక్కడున్నారో సరిగ్గా రాసుకోకుండానే విడదీశారు. వాళ్లను మళ్లీ కలపమని ఆ ఏడు జూన్ 26న ఫెడరల్ జడ్జి డానా సబ్రా ఆదేశించాల్సి వచ్చింది.

ఇప్పుడు పిన్నిగారి చిన్నకొడుకు అక్కడే టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. మొన్న ఆవిడ అడిగింది చట్టం గురించి కాదు. ‘ఒకవేళ మావాణ్ణే పట్టుకుంటే ఎక్కడున్నాడో తెలిసేదెలా?’

తెలుసుకోవడానికి అమెరికా వలస శాఖ వెబ్‌సైటులో ఒక వెతుకులాట పేజీ ఉంది. ఏ-నంబరు అనే తొమ్మిదంకెల సంఖ్య, పుట్టిన దేశం ఇస్తే చూపిస్తుంది. ఆ నంబరు చాలామంది విద్యార్థులకు వర్క్ పర్మిట్ పెట్టుకున్నాక గానీ రాదు. నంబరు లేకపోతే పేరుతో వెతకాలి, పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందుంటుంది, ఒకరికి వెనక, ఒకరికి రెండు గళ్లలోనూ సగం సగం. అందుకని వాడి పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో తీసి దగ్గరుంచుకోమన్నాను. భారత కాన్సులేటుకు తెలియజేయమని అడిగే హక్కు వాడికి ఉందని, చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దని కూడా చెప్పాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని అన్నీ పాలప్యాకెట్ల లెక్క రాసే పుస్తకంలో రాసుకుంది.

‘మరి మా పెద్దమ్మాయి పిల్లలో? వాళ్లకి పదమూడు, తొమ్మిది. వాళ్ల పేర్లు కొడితే వస్తాయా?’ అంది.

రావు. పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల పేర్లు ఆ పేజీలో వెతకడానికి వీలుండదు.